డిస్కుల అలమర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షిక పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల డిస్కులు కొని దాచుకునేవాళ్లకి. ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు నుంచే వచ్చాయి. ఒకే సందేహం నలుగురు అడిగినచోట ఒక ఉత్తరమే వేశాం.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా పెద్దనాన్న కొడుకు పోయినసారి వచ్చినప్పుడు ఒక సంచీ నిండా బ్లూ-రేలు తెచ్చిచ్చాడు. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో వేస్తే కొన్ని ఆడతాండాయి, కొన్నిటికి ‘ఈ రీజియన్‌లో ఆడదు’ అని వస్తాంది. డిస్కులు చెడిపోయినాయా, ప్లేయర్ చెడిపోయిందా? ఏం చెయ్యాల?
(కొర్లగుంట, తిరుపతి)

జవాబు: ఏదీ చెడిపోలేదు. బ్లూ-రేల కోసం ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా పంచారు. అమెరికా, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా ‘ఏ’. యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ‘బీ’. మనం, చైనా, రష్యా ‘సీ’. డబ్బా వెనక అడుగున చిన్న భూగోళం బొమ్మలో ఈ అక్షరం ఉంటుంది. మీ ప్లేయర్‌లో ఆడినవాటి మీద మూడు అక్షరాలూ ఉండుంటాయి, లేదంటే వాటికి అసలు తాళమే వేసుండరు. మొరాయించినవాటి మీద ఒట్టి ‘ఏ’ ఉంటుంది, చూడండి.

పెద్ద స్టూడియోల్లో వార్నర్ వాళ్లు బ్లూ-రేలకి సాధారణంగా తాళం వెయ్యరు. క్రైటీరియన్ వాళ్ల అమెరికా బ్లూ-రేలు దాదాపు అన్నీ ‘ఏ’ మాత్రమే. బ్రిటన్‌లో ఏరో, యురేకా, సెకండ్ సైట్ లాంటి చిన్న సంస్థలవి ఎక్కువగా ‘బీ’. పాత సినిమాను శ్రద్ధగా బాగుచేసి, పుస్తకం జతచేసి వేసేది ఎక్కువగా ఈ చిన్న సంస్థలే. వాళ్ల సరుకే మన ‘సీ’ ప్లేయర్‌లో ఆడదు. కాబట్టి ధర చూసేముందు డబ్బా వెనక చూడటం అలవాటు చేసుకోండి.

ఇక దారి. ఇక మీదట కొనేవి 4కే డిస్కులైతే ఈ బాధే లేదు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ తాళం ఉండదు. ఏ దేశంలో కొన్నా ఇక్కడి 4కే ప్లేయర్‌లో ఆడుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. అదే డబ్బాలో జతగా ఇచ్చే మామూలు బ్లూ-రేకి తాళం ఉండొచ్చు, అదనపు విశేషాలన్నీ ఆ బ్లూ-రేలోనే పెట్టుండొచ్చు.

ఇప్పటికే ఉన్నవాటికి మల్టీ రీజియన్ ప్లేయర్, అంటే అన్ని రీజియన్ల డిస్కులూ ఆడించేది, కావాలి. మా ఓటు బ్రిటన్‌లో అమ్మేదానికి. అక్కడి కరెంటు కూడా మన వోల్టేజీకి దగ్గరే, 50 హెర్ట్జే. పిన్ను మార్చే అడాప్టర్ ఒక్కటుంటే చాలు. అమెరికా ప్లేయర్ తెప్పించుకుంటే రెండు తలనొప్పులు. మొదటిది, వెనక స్టిక్కరు మీద ‘120 వోల్టులు’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణమే పవర్ సప్లై కాలిపోతుంది. పిన్ను అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. అలాంటిదానికి 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సిందే. ‘100–240 వోల్టులు’ అని రాసి ఉంటే ఆ అవసరం లేదు. రెండోది, బ్రిటన్ డిస్కుల్లో సినిమా సెకనుకి 24 ఫ్రేములదే అయినా, అందులోని పాత డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు 50 హెర్ట్జ్‌లో, అంటే తెర సెకనుకి 50 సార్లు మారే పద్ధతిలో, ఉంటాయి. వాటిని అమెరికా ప్లేయర్లు చాలావరకు చూపించవు. మన టీవీలు 50, 60 రెండూ తీసుకుంటాయి కాబట్టి బ్రిటన్ ప్లేయర్‌తో ఏ గొడవా రాదు.

డీవీడీల లెక్క వేరు. మనది రీజియన్ 5, అమెరికాది 1, యూరప్, జపాన్‌లది 2. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లే మార్చుకోనిస్తుంది. ఆ తర్వాత చివర పెట్టిన నంబరు దగ్గరే శాశ్వతంగా బిగుసుకుపోతుంది. ‘రీజియన్ మార్చమంటారా’ అని అడిగినప్పుడల్లా అవునని నొక్కకండి.

కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. సుంకం డిస్కు ధర మీద మాత్రమే పడదు, పోస్టేజీ కూడా కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు. పైన కొరియర్ సంస్థ సొంత చార్జీ ఉంటుంది. ఒక్కో డిస్కు విడిగా తెప్పించడం దండగ.

ప్రశ్న: ‘బ్లేడ్ రన్నర్’, ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్’ కొందామంటే ఒక్కోదానికి ఇన్ని రకాలున్నాయి. ఒక్కటే కొనాలంటే ఏది?
(గిరింపేట, చిత్తూరు)

జవాబు: ‘బ్లేడ్ రన్నర్’ 1982లో అమెరికాలో వచ్చినప్పుడు హీరో హారిసన్ ఫోర్డ్ గొంతుతో కథ చెప్పించారు, చివర సుఖాంతం అతికించారు. విదేశాలకి పంపిన ప్రింటులో హింస కాస్త ఎక్కువ. 1992లో ‘డైరెక్టర్స్ కట్’ వచ్చింది. అందులో కథ చెప్పే గొంతు తీసేశారు, ఒంటికొమ్ము గుర్రం కల చేర్చారు. 2007లో వచ్చిన ‘ఫైనల్ కట్’ ఒక్కటే దర్శకుడు రిడ్లీ స్కాట్ పూర్తిగా తన చేతుల మీదుగా తయారుచేసింది. ఒక్కటే కొంటే ఇదే కొనండి. 4కే డిస్కు మీద ఉన్నది కూడా ఇదే.

అయితే సేకరణ అన్నాక మొదట జనం థియేటర్లో చూసింది ఏదో అది కూడా ఉండాలి అనుకునేవాళ్లుంటారు. వాళ్లు 2007 నాటి ఐదు డిస్కుల సెట్టు వెతకాలి. విడుదలకి ముందు ప్రేక్షకులకి వేసి చూపిన వర్క్‌ప్రింట్‌తో కలిపి ఐదు రూపాలూ అందులో ఉన్నాయి. పాత సరుకుగా కొంటుంటే ఐదు డిస్కులూ ఉన్నాయో లేదో ఫొటో అడగండి. అమ్మేటప్పుడు వర్క్‌ప్రింట్ డిస్కు మాయమైన సెట్లు తిరుగుతుంటాయి.

‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్’ సులువు. 1977 అసలుది, 1980 ‘స్పెషల్ ఎడిషన్’, 1998 దర్శకుడి రూపం. 1980లో స్టూడియో కోరిక మీద స్పీల్‌బర్గ్ గ్రహాంతరవాసుల పెద్ద నౌక లోపలి దృశ్యం తీసి కలిపాడు. 1998లో దాన్ని మళ్లీ పీకేశాడు. మా దృష్టిలో పీకేయడమే న్యాయం. లోపల ఏముందో చూపించకపోవడంలోనే ఆ సినిమా బలం ఉంది. 2007 బ్లూ-రేలోనూ, 2017 4కే సెట్టులోనూ మూడూ ఉన్నాయి కాబట్టి ఏది దొరికితే అది తీసుకోండి. ఇందులో వేలమంది ఆకాశం వైపు చేతులు చూపే దృశ్యం ముంబయి దగ్గర ఖాలాపూర్ వైపు హాల్ అనే ఊళ్లో తీశారు. మనవాళ్లు ఆ భాగం ఆపి ఆపి చూసుకోవచ్చు.

మీరు అడక్కపోయినా ‘స్టార్ వార్స్’ సంగతి చెప్పాలి. 1977 నాటి రూపం కావాలని అందరూ అడుగుతారు. 1997 నుంచి అధికారికంగా వస్తున్నవన్నీ మార్పులు చేసినవే, ఒక్క 2006 డీవీడీ తప్ప. అందులో రెండో డిస్కులో పాత రూపం ఉంది కానీ, అది లేజర్‌డిస్కు (డీవీడీకి ముందు నడిచిన పెద్ద డిస్కు) కోసం చేసిన పాత మాస్టర్. పైగా వెడల్పు టీవీకి అనువుగా చెయ్యలేదు. నాలుగుపక్కలా నల్ల పట్టీలతో మధ్యలో చిన్న బొమ్మగా కనిపిస్తుంది. జూమ్ చేస్తే మసక. పెద్ద టీవీ మీద మెరుస్తుందని ఆశపడి ఎక్కువ డబ్బు పొయ్యకండి.

ప్రశ్న: నా దగ్గర ‘బ్లేడ్ రన్నర్ ఫైనల్ కట్’ బ్రిటన్ డీవీడీ ఉంది. అట్ట మీద 112 నిమిషాలని ఉంది. అమెరికా డిస్కు 117 అంటారు. ఐదు నిమిషాలు కోసేశారా?
(ఎం.ఆర్.పల్లి, తిరుపతి)

జవాబు: ఒక్క ఫ్రేము కూడా కొయ్యలేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. బ్రిటన్, మన దేశం వాడే ‘పాల్’ టీవీ పద్ధతి డీవీడీ 25తో నడుస్తుంది. ఆ 24నే 25 వేగంతో పరిగెత్తించేస్తారు. 117ని 24తో గుణించి 25తో భాగించండి, 112 చిల్లర వస్తుంది. దీనివల్ల గొంతులు, సంగీతం కూడా ఒక పిసరు పైస్థాయికి పోతాయి. సంగీతం తెలిసిన చెవి పట్టేస్తుంది. బ్లూ-రేలో సినిమా 24తోనే ఉంటుంది, ఈ తేడా రాదు. నిడివి తేడా నాలుగు శాతం దగ్గర ఉంటే వేగం వల్ల. అంతకంటే ఎక్కువుంటే అప్పుడు కోతను అనుమానించండి.

ప్రశ్న: ‘మెట్రోపోలిస్’ బ్లూ-రేలో సినిమా బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి గీతల మయం అవుతుంది, బొమ్మ కూడా చిన్నదై అంచున నల్లపట్టీ వస్తుంది. కాసేపటికి మళ్లీ మామూలే. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అయితే మొదలే కాదు, తెర నల్లగా ఉండి ఏదో ధ్వని వస్తుంది. రెండూ వాపసు చెయ్యాలా?
(కొంగారెడ్డిపల్లి, చిత్తూరు)

జవాబు: రెండూ ఉంచుకోండి. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపోలిస్’ 1927 జనవరిలో బెర్లిన్‌లో ఆడిన కొద్దికాలానికే బాగా కోతకి గురైంది. కోసిన భాగాలు పోయాయనే అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియంలో 16 ఎంఎం నెగెటివ్ ఒకటి బయటపడింది. అది అరిగిపోయిన 35 ఎంఎం ప్రింటు నుంచి తీసిన నకలు కాబట్టి గీతలు ఫిల్ము మీద కాక బొమ్మలోనే అచ్చయిపోయాయి. ఎంత శుభ్రం చేసినా పోవు. నకలు తీసేటప్పుడు ఫ్రేము అంచు కూడా కొంత తెగింది, ఆ ఖాళీయే మీకు కనిపించే నల్లపట్టీ. 2010లో ఆ ముక్కలు కలిపి సుమారు రెండున్నర గంటల రూపం తయారుచేశారు. ఎక్కడ గీతలు మొదలైతే అక్కడ ఎనభై ఏళ్లు ఎవరూ చూడని దృశ్యం మొదలైందన్నమాట. కొనేటప్పుడు నిడివి రెండున్నర గంటలకి దగ్గరగా ఉందో లేదో చూడండి. రెండు గంటల లోపు అని ఉంటే పాత కోతల రూపమే.

‘2001’లో మొదట వచ్చే నల్ల తెర, దాని మీద సంగీతం దర్శకుడు కోరి పెట్టినవే. ప్రేక్షకులు కూర్చునేలోపు వినిపించే ఓవర్చర్ అది. సుమారు మూడు నిమిషాలు ఓపికపట్టండి. మధ్యలో విశ్రాంతి దగ్గర కూడా ఇలాగే వస్తుంది. 1968లో మొదటి ప్రదర్శనల తర్వాత దర్శకుడు కుబ్రిక్ తనే ఓ 19 నిమిషాలు తీసేశాడు. ఆ నిడివితో ‘పూర్తి సినిమా’ డిస్కు అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ప్రశ్న: 4కే అంటే ఎప్పుడూ మెరుగేనా? పాత బ్లూ-రేలు అమ్మేసి 4కేలు కొనాలనుకుంటున్నాను.
(భవానీ నగర్, తిరుపతి)

జవాబు: ఎప్పుడూ కాదు. అమ్మకండి. 65 ఎంఎం నెగెటివ్ మీద తీసి 70 ఎంఎంలో వేసిన ‘2001’ లాంటివి 2018 4కేలో చూస్తే తేడా కళ్లకి కడుతుంది. కానీ ఫిల్ము సహజంగా ఇచ్చే సన్నని రేణువులను ‘మరక’ అనుకుని కంప్యూటర్‌తో తుడిచేసిన డిస్కులున్నాయి. 2017లో వచ్చిన ‘టెర్మినేటర్ 2’ 4కే మీద ఇదే ఫిర్యాదు. మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. ‘ప్రిడేటర్’ 2010 బ్లూ-రేది అదే కథ. 2024లో వచ్చిన ‘ఏలియన్స్’, ‘ది అబిస్’ 4కేల మీద కూడా గట్టి వాదన నడిచింది. దగ్గరి షాటు ఒకటి ఆపి, చెంప మీద చర్మరంధ్రాలు, వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. చర్మం నున్నగా ఉండి, కళ్ల చుట్టూ గీతలు మాత్రం పదునుగా ఉంటే తుడిచేశారని అర్థం. శబ్దం విషయంలో కూడా చూసుకోండి. 1984 ‘టెర్మినేటర్’ అసలు మోనో, అంటే శబ్దమంతా ఒకే చానెల్. తర్వాత చుట్టూ స్పీకర్లకి 5.1 చేసేటప్పుడు తుపాకీ చప్పుళ్లే మార్చేశారు. డబ్బా వెనక ‘మోనో’ అన్న మాట ఉందేమో వెతకండి.

ప్రశ్న: చెన్నైలో ఒక దుకాణంలో తొమ్మిది సినిమాల సెట్టు చవగ్గా వచ్చింది. నకిలీయేమో అని అనుమానం. ఎట్లా తెలుసుకోవాల?
(రేణిగుంట)

జవాబు: డీవీడీ అయితే తిప్పి చూడండి. ఊదారంగు ఉంటే ఇంట్లో కాల్చిన డిస్కు. ఫ్యాక్టరీలో అచ్చువేసింది వెండి రంగులో, కొన్నిసార్లు లేత బంగారు రంగులో ఉంటుంది. బ్లూ-రేకి రంగును బట్టి చెప్పలేం. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే సన్నని వలయాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. అచ్చువేసిన డిస్కు మీద మాస్టర్ నంబరు, సాధారణంగా ‘ఐఎఫ్‌పీఐ’ అన్న అక్షరాలతో మొదలయ్యే చిన్న కోడు ఉంటాయి. అక్కడ ఖాళీ డిస్కుల కంపెనీ పేరు కనిపించినా, ఏమీ లేకపోయినా నకిలీయే. ఒక్క డిస్కులో నాలుగైదు సినిమాలు కుక్కినా, అట్ట మీద స్పెల్లింగు తప్పులున్నా వలయం దాకా పోనక్కర్లేదు.

ప్రశ్న: 2021 నవంబరు వరదల్లో ఇంట్లోకి నీళ్లొచ్చి కింది అర మునిగింది. కొన్ని డిస్కులు అప్పుడు తుడిచి పెట్టేశాం, ఇప్పుడు ఆగి ఆగి ఆడుతున్నాయి, అట్టలు అతుక్కున్నాయి. మిగతావి కాపాడుకునేందుకు అలమరలో కలరా ఉండలు వేశాం. ఇంకేం చెయ్యాలి?
(తిరుపతి)

జవాబు: ముందు కలరా ఉండలు తీసేయండి. నాఫ్తలీన్ ఆవిరి సీడీల గట్టి డబ్బాల్లో వాడే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. డబ్బాలు జిగటగా, మబ్బుగా తయారవుతాయి. చెదలు, వెండి పురుగుల భయమైతే అలమర కాళ్ల చుట్టూ, గోడ మూలల్లో మందు కొట్టించండి, లోపల వద్దు.

ఆగుతున్న డిస్కుల మీద ఎండిన బురద, బోరు నీళ్ల ఉప్పు పొర ఉండుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. డిస్కును అంచులతో పట్టుకుని ముందు ధారగా కడగండి. అర లీటరు నీళ్లలో పాత్రలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచండి. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో. బ్యాటరీ కొట్లో దొరికేదే, డబ్బా మీద ‘యాసిడ్’ అని లేకుండా చూసుకోండి. కుళాయి నీళ్లతో వదిలేస్తే మళ్లీ తెల్ల మచ్చలే. మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా అద్దండి, గుండ్రంగా తిప్పొద్దు. అడ్డంగా పడ్డ గీతను ప్లేయర్ సర్దుకుంటుంది, ట్రాక్ వెంబడి పడ్డ గీత వరసగా డేటాను మింగేస్తుంది. నీడలో ఒక రోజు నిలబెట్టి ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్, థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి.

అప్పటికీ ఆగితే అది డీవీడీయా బ్లూ-రేయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. డీవీడీలో సమాచారం రెండు పొరల నడుమ 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది కాబట్టి పై గీతను పాలిష్ పట్టించవచ్చు. బ్లూ-రేలో అది 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. పైన గట్టి పూత ఉన్నందువల్ల తేలిగ్గా గీతపడదు కానీ, పడిందంటే పాలిష్ చెయ్యకూడదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత రంధ్రాలు, అంచు నుంచి లోపలికి పాకిన గోధుమ మరక కనిపిస్తే లోపలి లోహపు పొర చెడిందని. దానికి మందు లేదు. అయితే ఈ రోగం వరద లేకున్నా వస్తుంది. 2006–2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని ఇలా పాడవుతున్నాయని 2025లో వార్నర్ వాళ్లే ఒప్పుకున్నారు. ఆ ఏళ్లవి మీ దగ్గరుంటే ఈ నెలలోనే ఒకసారి చివరిదాకా వేసి చూడండి. మొదటి పది నిమిషాలు ఆడితే సరిపోదు. డిస్కు లోపలి నుంచి బయటికి చదువుతుంది, చెడేది సాధారణంగా బయటి అంచున.

అతుక్కున్న అట్టలు ఇప్పుడు విడదీస్తే రంగు ఊడొస్తుంది, వదిలేయండి. ఇంకోసారి తడిస్తే మాత్రం నున్నని కాగితాన్ని తడిగా ఉన్నప్పుడే విడదీయాలి. ఒకేసారి అన్నీ చూసుకోలేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో పడేయండి. కుళ్లదు, అతుక్కోదు, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

అలమర గోడకి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. స్నానాలగది గోడకి ఆనించొద్దు. కింది అర ఖాళీగా ఉంచండి, వరద నేర్పిన పాఠం అదేగా. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మేడ పై గది వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో తేమ పెరుగుతుంది, రేకు డబ్బా స్టీల్‌బుక్‌ల అంచులు తుప్పు పట్టేది అప్పుడే. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలో 100 గ్రాముల సిలికా జెల్ సంచీతో వాటిని పెట్టండి. గింజల రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడొచ్చు. పైన తొడిగే కవర్లు పాలీప్రొపిలీన్‌వి కొనండి. పీవీసీవి కొన్నాళ్లకి అట్ట రంగును పీల్చి అంటుకుంటాయి.

ప్రశ్న: నాన్నగారు దాచిన ‘ఆదిత్య 369’ వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించాలంటే?
(మురకంబట్టు, చిత్తూరు)

జవాబు: సింగీతం శ్రీనివాసరావు గారి ఈ 1991 సినిమాను 4కేలో బాగుచేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లలో వేశారు. అందుకని బొమ్మ నాణ్యత కోసమైతే క్యాసెట్ మీద పెద్ద ఖర్చు వద్దు. జ్ఞాపకంగా కావాలంటే చెయ్యండి.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచు మీద తెల్లగా బూజు ఉంటే వీసీఆర్‌లో పెట్టొద్దు. అది హెడ్లకి అంటి తర్వాత వేసిన ప్రతి క్యాసెట్‌కి పాకుతుంది. బాగుంటే చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి తిప్పి బిగువు సరిచేశాక ప్లే చెయ్యండి. పసుపు, ఎరుపు, తెలుపు తీగలు క్యాప్చర్ పరికరానికి (బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చేది), అది యూఎస్‌బీకి. సెట్టింగులో పాల్, 720×576, 25 ఫ్రేములు, ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలుగా పట్టే పద్ధతి). హఫ్‌వైయూవీ లాంటి నష్టంలేని పద్ధతిలో పట్టుకుంటే గంటకి 30 జీబీ పైనే పడుతుంది, సినిమా మొత్తానికి 100 జీబీ ఖాళీ ఉంచుకోండి. తర్వాత డీఇంటర్లేస్ చేసి, అంటే ఆ సగాలను సరిచేసి, చిన్న ఫైలుగా మార్చుకోవచ్చు. మొదటే చిన్న ఫైలుగా పట్టుకుంటే కదలికల్లో దువ్వెన గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి. మాటకీ పెదవికీ పొంతన తప్పుతూ పోతే పరికరం ఫ్రేములు వదిలేస్తోందన్నమాట. వీసీఆర్‌కీ దానికీ మధ్య పాత డీవీడీ రికార్డరు పెట్టి సిగ్నల్ దాని గుండా పంపితే చాలావరకు కుదురుతుంది. అడుగున రెండు మూడు గీతలు వణకడం టేపు లోపం కాదు, టీవీ అంచు వెనక ఎప్పుడూ ఉన్నదే. ఇది ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే, పంచిపెట్టకూడదు.

ప్రశ్న: కొత్త డీవీడీ తీస్తుంటే మధ్య రంధ్రం దగ్గర చిన్న పగులు వచ్చింది. ఆడుతోంది. వాడొచ్చా?
(తిరుచానూరు)

జవాబు: వద్దు, మార్చి ఇవ్వమనండి. తిరిగేటప్పుడు పగులు పెరుగుతుంది, వేగం ఎక్కువుండే కంప్యూటర్ డ్రైవులో ముక్కలై డ్రైవునే పాడుచేయొచ్చు. మార్చి ఇవ్వకపోతే నెమ్మదిగా తిరిగే టీవీ ప్లేయర్‌లో ఒక్కసారి చూసి పక్కన పెట్టేయండి. ఇక మీదట అంచు పట్టి లాగకుండా, మధ్య గుండీని బొటనవేలితో నొక్కి ఉంచి, డిస్కు దానంతటది లేచాకే తీయండి.